సులైబియాలో ముళ్ళ చెట్టు కోసం

శుక్రవారం ఉదయం ఏడింటికి కువైట్‌లోని ఫర్వానియాలో బస్సెక్కాను. అల్ రాయ్‌లో మొక్కల దుకాణంలో పనిచేసే నాకు వారానికి దొరికే సెలవు అదొక్కటే. ఆ సెలవు పాడుచేసుకుని సులైబియా బయల్దేరడానికి కారణం ముందురోజు ఈశ్వరమ్మ చేసిన ఫోను.

"అన్నా, చెట్లు సగానికి సగం సచ్చిపోయినాయి. బతికినవి ఏ జాతివో మా ఆయనకు తెలీలేదు. నువ్వొచ్చి సూసి చెప్పల్ల."

ఈశ్వరమ్మది రాయచోటి దగ్గర పల్లె. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. భర్త ఓబులేసు ఇద్దరికీ వీసా ఇచ్చిన అదే కఫీల్ తోటలో, సులైబియాలో మాలి. ప్రతి శుక్రవారం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తోటకు వస్తుంది. వెంట ఈశ్వరమ్మను తెస్తుంది. మొగుడూ పెళ్ళాం కలుసుకునేది ఆ ఒక్క పూటే. ఓబులేసు మట్టి కొనడానికి మా దుకాణానికి వస్తూ నాకు పరిచయమయ్యాడు. మాది గోదావరి పక్క నర్సరీల ఊరు. మొక్కల సంగతి నాకు తెలుసని అతని నమ్మకం.

బస్సు టికెట్ మూడువందల ఫిల్సులు. చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది, డ్రైవరు విసుక్కుంటాడు. నా పక్కన కూర్చున్న అమలాపురం ఆయన కోల్డ్ స్టోరేజీలో పనికి వెళ్తున్నాడు.

"సులైబియాలో చూడ్డానికేవుందండీ? ఉల్లిపాయల గొడౌన్లు తప్ప. మార్కెట్టు దాటితే నీడుండదు, నీళ్ళు పట్టుకెళ్ళండి" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. కూరగాయల మార్కెట్టు దగ్గర దిగాక తోటల వైపు బస్సు లేదు. టాక్సీ కోసం కాసేపు చూసి నడక మొదలుపెట్టాను. సెప్టెంబరు ఆఖరైనా ఎండ తగ్గలేదు. లారీలు లేపిన దుమ్ము గొంతులో పేరుకుంది. మధ్యలో ఒక బకాలా కొట్లో రొట్టె, పెరుగు తిని, రెండు సీసాల నీళ్ళు కొనుక్కుని తోట చేరేసరికి తొమ్మిది దాటింది.

ఓబులేసు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"మిషన్ శబ్దం తేడాగా వచ్చాందని బాబాకు ఎన్నిసార్లో చెప్తినన్నా. బుక్రా, బుక్రా అన్యాడు. రేపు రేపంటానే అది ఆగిపాయ."

బాబా అంటే మామా కొడుకు. ఆగిపోయింది అద్దాల గదిని చల్లబరిచే యంత్రం. ఆ గదిలో మామా చలి దేశం నుంచి తెప్పించిన పొదలు ఉండేవి. గది వేడెక్కగానే ఓబులేసు కుండీలన్నీ కూరగాయల చల్లగదిలోకి మోశాడు. ఆ తొందరలో పేర్ల చీటీలు తడిసి రాలిపోయాయి. రెండు జాతులూ కలిసిపోయాయి.

ఒకటి గూస్‌బెర్రీ. మన ఉసిరి కాదు. రెండోది కరెంట్. ఆ పేరు వినగానే ఓబులేసు నవ్వలేక నవ్వాడు. "కరెంటు మిషన్ ఆగి సస్తే, చెట్టు పేరు కూడా కరెంటేనా?"

రెండూ నడుమెత్తు పొదలే. రెండింటి ఆకూ ద్రాక్షాకును చిన్నది చేసినట్టు తమ్మెలుగా ఉంటుంది. అందుకే మాలికి కూడా తికమక. తేడా కొమ్మ మీద కనబడుతుంది. గూస్‌బెర్రీకి ఆకు పుట్టే కణుపు కింద ముల్లుంటుంది, ఒక్కోచోట రెండు మూడు కలిసి. కరెంట్ కొమ్మ నున్నగా ఉంటుంది. ముళ్ళు బాగా తక్కువున్న గూస్‌బెర్రీలూ ఉన్నాయి కాబట్టి, అంతటితో తేల్చకుండా కాయ తొడిమ కూడా చూడాలి. గూస్‌బెర్రీ కణుపుకి ఒకటో రెండో కాస్తుంది. కరెంట్ గుత్తిగా వేలాడుతుంది.

కుండీలన్నీ చూశాను. పచ్చగా ఉన్నవాటికి ఒక్క ముల్లు లేదు. పోయిన కాపు తాలూకు ఎండిన గుత్తి కాడలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆకు నలిపితే ఘాటు వాసన కొట్టింది, నల్ల కరెంట్. ముళ్ళున్నవాటి బెరడు గోటితో గీరాను. ప్రతిదాని లోపలా గోధుమరంగే, మొదలు దాకా.

"గూస్‌బెర్రీ ఒక్కటీ మిగల్లేదు ఓబులేసూ."

అతను కుండీ అంచు మీద కూర్చుండిపోయాడు. అంతలో మామా కారు వచ్చింది. మామా నమాజు గదిలోకి వెళ్ళింది, ఈశ్వరమ్మ మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఇవే గూస్‌బెర్రీలని చెప్పన్నా. పూత దాకా ఎవురికీ తెలీదు. లేకుంటే బాబా నన్ను ఎడారిలో గొర్రెల కాడికి తోల్తాడు" అన్నాడు ఓబులేసు.

నేను సరే అనబోయాను. ఈశ్వరమ్మ అడ్డుపడింది.

"వద్దు. ఆయమ్మ పెద్దకూతురికి జబ్బు చేస్తే సలి దేశంలో ఆస్పత్రి పక్కన ఇల్లు తీసుకోని ఉన్న్యారు. ఆ ఇంటెనక ఈ చెట్టుండేదంట. కడాకు ఆ పాప నోటికి ఈ కాయలే దిగినాయంట. పాప పాయ. సచ్చిన బిడ్డ పేరు మీద అబద్ధం చెప్పలేము."

ఓబులేసు కుండీ అంచు మీంచి లేచాడు. తానే వెళ్ళి మామాకు వచ్చీరాని అరబీలో చెప్పాడు.

మామా వచ్చి పచ్చటి కొమ్మను కింద నుంచి పైదాకా వేళ్ళతో తడిమింది. "వేన్ షౌక్?" అంది. ముళ్ళేవీ అని. ఓబులేసు ఎండిన కుండీల వైపు చూపించాడు. ఎండిన కొమ్మనొకదాన్ని పిడికిట్లో పట్టుకుంది. ముళ్ళు దిగుతున్నా వదల్లేదు. ఈశ్వరమ్మ మెల్లగా ఆమె వేళ్ళు విప్పి, తన చున్నీతో రక్తం తుడిచింది.

మామా ఒక్క మాటా తిట్టలేదు. సంగతి తెలిసిన బాబా మాత్రం ఫోనులోనే తేల్చేశాడు. ఖలాస్, తోటలో పని అయిపోయింది. మధ్యాహ్నానికి పికప్ వచ్చింది. ఓబులేసు దుప్పటి, గిన్నెల సంచీ వెనక పడేసుకుని, గొర్రెలు కాసే ఎడారి దారిన వెళ్ళిపోయాడు. మామా అడ్డం చెప్పలేదు. నమాజు గదిలోంచి బయటికే రాలేదు.

తిరుగు ప్రయాణం మామా కారులో. ఆమె మధ్య సీటులో కళ్ళు మూసుకుంది. చివరి సీటులో ఈశ్వరమ్మా, నేనూ. ఎడమ పక్క గొడౌన్లు, కుడి పక్క గొడౌన్లు. నేను చూసిన చోట్లలో ఇంత నీడలేనిది మరొకటి లేదు. మొక్కలు చూడాలని ఎవరైనా సులైబియా వెళ్తానంటే వద్దనే చెప్తాను.

అల్ రాయ్ దగ్గరపడుతుండగా ఈశ్వరమ్మ అడిగింది.

"నేను అడ్డపడకుంటే బాగుండునా అన్నా?"

"పూత రాగానే తెలిసిపోయేది కదమ్మా" అన్నాను.

"పూత వచ్చేది ఎండలు తగ్గి, సలికాలం పోయినాక కదన్నా" అంది కిటికీ వైపు తిరిగి. "అందాకా ఎన్ని శుక్రవారాలు!"

డ్రైవరు దుకాణం ముందు కారాపాడు. దిగాను.