అంచు తెగిన ఉత్తరాలు

మా వీధి చివర బైండింగు షాపులో ఇద్దరే పనివాళ్ళు. ఆయన కోస్తాడు, ఆవిడ కుడుతుంది. మొగుడూ పెళ్ళాలు. ఆవిడ మెడలో ఎప్పుడూ తెల్లదారం వేలాడుతుంటుంది కాబట్టి వీధంతా దారాలక్క అంటారు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైనా నేనూ అలాగే పిలుస్తాను. ముప్ఫై ఏళ్ళుగా బడి రిజిస్టర్లూ, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలూ వాళ్ళ చేతుల్లోనే బాగుపడుతున్నాయి. ఆవిడ కుట్టిన పుస్తకానికి అట్ట ఊడుతుందేమో గానీ కాగితం ఊడదు.

అలాంటి షాపులో పోయిన ఏడాది మాటలు ఆగిపోయాయి. ఆ సంగతి నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. నా లెక్కలో అదే ఆలస్యం.

"భోజనం చల్లారిపోతోందని ఎవరైనా చెప్పండి," అంది దారాలక్క గోడవైపు తిరిగి. అక్కడ ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. ఆయన నా మొహం చూశాడు.

"నేను రిజిస్టరు కోసం వచ్చాను నాయనా, రాయబారానికి కాదు," అన్నాను గానీ, నా కాళ్ళు అక్కణ్ణించి కదిలితేగా!

జరిగింది ఇదీ. దారాలక్క తల్లి పోయి ఆరేళ్ళయింది. ఆవిడ రాసిన ఉత్తరాలు నలభై దాకా ఒక రేకుపెట్టెలో ఉండేవి. కాగితం వృథా చేయడం ఇష్టంలేని మనిషి. రెండువైపులా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా రాసేది. అవి మడతల దగ్గర చిరుగుతున్నాయని బైండరు కనిపెట్టాడు. భార్య చెల్లెలింటికి వెళ్ళిన మూడు రోజుల్లో వాటిని పుస్తకంగా కుట్టాడు. ఎర్ర గుడ్డ, గట్టి అట్ట. ఆఖర్న ప్రతి పుస్తకానికీ చేసినట్టే కటింగ్ మిషనులో పెట్టి మూడు వైపులా సమంగా కోసేశాడు. కాగితం ముందువైపు ప్రతి వరుసలో చివరి మాటా, వెనకవైపు మొదటి మాటా తెగిపోయాయి. ఆ పీలికలు అలవాటు ప్రకారం జిగురు ఉడికించే పొయ్యిలోకి వెళ్ళాయి.

ఆవిడ తిరిగొచ్చింది. ఆయన సంబరంగా పుస్తకం చేతిలో పెట్టాడు. మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది. పొయ్యి వైపు చూసింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

ఊరుకుంటానా! సంగతి తెలిసిన మర్నాడే వెళ్ళి కూర్చున్నాను. "పోనీలేవే, ప్రేమతోనే చేశాడుగా. మగాళ్ళకి కళ్ళుంటాయి గానీ చూపుండదు."

"పిన్నీ, మీ అమ్మగారి ఉత్తరాలు మీ దగ్గరున్నాయా?"

"మా అమ్మకి రాయడం ఎక్కడొచ్చే?"

"అయితే ఈ విషయంలో మీరు మాట్లాడకండి."

లేచి చెప్పులేసుకున్నాను. అలా లేవడం నాకు అరుదు.

ఇక ఆయన్ని పట్టుకున్నాను. "మంచికే చేశాను పిన్నిగారూ! అవి పొడైపోయేవి," అన్నాడు. షాపుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట. పాలు పోసేవాడికి కూడా చెప్పాడు. ఆ 'మంచికే' వినపడినప్పుడల్లా ఆవిడ చేతిలో సూది ఒక్క క్షణం ఆగేది.

అలా ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు నాతో అంది: "ఆదివారం బస్సుకి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా పిన్నీ, మళ్ళీ రాను. కోపమైతే ఈపాటికి చల్లారేది. ఆయన పక్కన కూర్చుంటే నాకు ఊపిరాడట్లేదు."

ఎవరికీ చెప్పొద్దని ఆవిడ అనలేదు. అందుకని వెళ్ళి ఆయనకి చెప్పాను.

మర్నాటి నుంచి షాపు తలుపు సగమే తెరిచి ఉంది. తొంగిచూశాను. ఎర్ర పుస్తకం కుట్లు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. వెడల్పాటి కాగితాల్లో కిటికీలా కోసి, రెండువైపులా అక్షరాలు కనపడేలా ఒక్కో ఉత్తరాన్నీ అందులో అతికిస్తున్నాడు. మిషను ముట్టుకోలేదు, అంతా చేత్తోనే. తెగిన చోటల్లా మూడువేళ్ళ తెల్లకాగితం మిగిలింది.

శనివారం మధ్యాహ్నం ఆ కాగితాలు ఆవిడ ముందు పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను, ఎందుకున్నానని అడక్కండి.

"ఇన్నాళ్ళూ మంచికే అన్నాను," అన్నాడు. "అది సగమే నిజం. అడిగితే నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే నువ్వు లేనప్పుడు చేశాను. తప్పు నాదే."

ఆవిడ ఒక కాగితం వేలితో తడిమింది. "జిగురు పల్చనైంది. ఆరితే ముడతలు పడుతుంది," అంది. అలవాటుగా నేను గోడవైపు చూశాను. ఆవిడ మాత్రం ఆయన్నే చూస్తోంది.

ఎర్ర గుడ్డలో చుట్టిందీ ప్రేమే, కాదనను. కానీ అందులో ఆవిడ మాటకి చోటు లేదు. ఈ తెల్ల అంచుల్లో ఉంది. క్షమించడమంటే మరిచిపోవడమని నేననుకునేదాన్ని. దారాలక్క ఏదీ మరవలేదు. ఆ ఉత్తరాలు తెగిన రోజే రేకుపెట్టెకి తాళం వేసింది, దాని చెవి ఇప్పటికీ కొంగునే ఉంటుంది. కానీ ఆదివారం బస్సు ఆవిడ లేకుండానే వెళ్ళింది.

ఇప్పుడు రోజూ ఓ గంట, గుర్తున్న మాటల్ని పెన్సిలుతో రాస్తుంది. గుర్తులేనిచోట ఖాళీగా వదిలేస్తుంది. మొన్న ఒక వరుస వచ్చింది: "అల్లుడు మంచివాడే గానీ..."

"తర్వాతేముంది?" అన్నాడాయన.

"మీ గురించేగా, మీరే చెప్పండి."

ఆయన కాస్త ఆలోచించి, "ఎవర్నీ అడగడు," అన్నాడు. ఆవిడ అదే రాసింది.

నాకు ఆగుతుందా? ఆయన అటు వెళ్ళగానే, "నిజంగా మీ అమ్మ అదే రాసిందా?" అన్నాను.

"లేదు పిన్నీ. మా ఇంట్లో పదిరోజులుండి వెళ్ళాక రాసింది. 'గురక ఎక్కువ' అని!"

"మరి చెరిపెయ్యవే!"

"ఉండనీండి. గురక సంగతి నేను మర్చిపోతానా ఏంటి?"