నాలుగో నంబరు తట్ట

పోయిన నెల కుప్పంలో కుర్ర లెక్చరర్లకు శిక్షణ అని నన్ను పిలిచారు. రిటైరైనవాణ్ణి పిలిచి శాలువా కప్పడం వాళ్లకు సరదా, కప్పించుకోవడం నాకు సరదా. డిగ్రీ పిల్లలకు బయాలజీ కొత్తగా ఎలా చెప్పాలో ఒక అమ్మాయి తెరమీద బొమ్మలు వేసి వివరిస్తోంది. “జవాబు మనం చెప్పకూడదు, విద్యార్థి తనంతట తానే కనుక్కోవాలి” అంది. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు పాపం, నా మీదే. ఆ మాటే, పొల్లు పోకుండా, డెబ్బైల చివర్లో మదనపల్లెలో మా జువాలజీ సార్ నోట విన్నాను. దాన్ని అడ్డం పెట్టుకుని నేను చేసిన పని ఇన్నేళ్లలో మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. శాలువా మడిచి సంచిలో పెట్టుకుని టీ కూడా తాగకుండా బయటపడ్డాను.

మా సార్ రాకముందు జువాలజీ అంటే డిక్టేషనే. పాత మాస్టారు పసుపు పచ్చబడ్డ నోట్సు చదివేవాడు, మేం రాసుకునేవాళ్లం, సీసాలో కప్ప మమ్మల్ని జాలిగా చూసేది. కొత్త సార్ మొదటి రోజే పుస్తకాలు మూయించాడు. సంతలో చేపలమ్మే ఆవిడను క్లాసుకు పిలిపించి, మొప్పలు చూసి చేప తాజాదో కాదో ఎలా చెబుతుందో మాకు చూపించమన్నాడు. ఆకలేసినవాడికే జీర్ణవ్యవస్థ బాగా అర్థమవుతుందని ఒకరోజు మా మధ్యాహ్నం భోజనం మాన్పించి పాఠం చెప్పాడు. పాఠం గుర్తుంది, ఇప్పటికీ పేగుల పొడవు చెప్పగలను. కానీ తప్పు చెప్పినవాణ్ణి మాత్రం నిలబెట్టి కడిగేసేవాడు. “నిన్ను ఏ వర్గంలో వెయ్యాలో ఇంకా తేలలేదురా” అనేవాడు. నవ్వకపోతే తర్వాతి వంతు మనదే, అందుకని పగలబడి నవ్వేవాళ్లం.

ఆయన ఒక్కమాట కూడా అననిది పుంగనూరు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయిని. వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పుట్టినప్పటినుంచీ అంత సున్నితమైన ప్రాణుల్ని పట్టుకున్న చేతులు కదా, బొద్దింక నాడీమండలాన్ని ఒక్క పోగు తెగకుండా తీసి నల్ల కాగితం మీద పరిచింది. సార్ ఆ పళ్లెం అందరికీ తిప్పి చూపించి, తర్వాత నాది చూశాడు. “ఆమెది డిసెక్షన్. నీది పోస్ట్‌మార్టం” అన్నాడు. హాస్టల్లో ఏడాది పొడవునా నా పేరు పోస్ట్‌మార్టమే. ఆ పిల్ల మీద నాకు అసూయ అంటే మామూలు అసూయ కాదు, అన్నం సయించని అసూయ. ఆ అమ్మాయికి ఇదేమీ తెలియదు. బస్సు దిగి వస్తూ, “ఏమప్పా, రికార్డు రాసినావా? నాది కావాలంటే సూసుకో” అని నవ్వుతూ ఇచ్చేది. పంట బాగా వచ్చినన్నాళ్లూ చదువుకోమన్నాడట వాళ్ల నాయన. ఆ ఒక్క మాట మీదే ఆమె బి.యస్సీ. ఆధారపడి ఉండేది.

రెండో ఏడు సార్ ఒక ప్రయోగం పెట్టాడు. ల్యాబులో పొదిగించిన పట్టుపురుగుల్ని ఐదు తట్టల్లో వేసి, ఐదుగురికి ఇచ్చి, ఇళ్లలోనూ హాస్టల్లోనూ పెంచమనడం. ఒకదానికి తడి ఆకు, ఒకదానికి ఇరుకు, ఇలా ఒక్కోదానికి ఒక్కో లోపం. ఎవరి పురుగులకు ఏమైందో వాళ్లే కనుక్కోవాలి. నాలుగో నంబరు తట్టలో పురుగులకు పెబ్రిన్ రోగం ఉంది. గుడ్లలోనే తల్లి నుంచి వచ్చే రోగం, పురుగు రెట్ట తగిలిన ఆకు తిన్న ప్రతిదానికీ అంటుకుంటుంది. గుడ్ల కేంద్రంలో కాల్చెయ్యడానికి పక్కన పెట్టిన గుడ్లను సార్ బతిమాలి తెచ్చాడు. బ్యాచ్ లీడరునని నాకొక్కడికే చెప్పాడు. “ఒరేయ్, నాలుగు మాత్రం పురుగులు పెంచే ఇంటికి పోకూడదు. హాస్టల్ వాడికెవడికైనా ఇయ్యి” అని రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తలూపాను.

నాలుగో నంబరు తట్ట అందుకుంటూ ఆ అమ్మాయి పురుగుల్ని చూసి, “ఇవేంది, ఇంత సన్నంగా ఉండాయి?” అంది. “నీకైతే పెంచడం తెలుసు గదా, అందుకే నీకిస్తాండా” అన్నాను. దాని పురుగులు చస్తే, రికార్డు పాడైతే, ఒక్కసారి సార్ దాన్ని కూడా కడిగితే చూడాలని. అంతకు మించి ఆలోచించలేదని ఇప్పుడు చెప్పుకుంటే నాకే నమ్మకం కుదరడం లేదు. ఎందుకంటే వాళ్ల ఇల్లు ఎలాంటిదో నాకు తెలుసు.

ఇంట్లో వాళ్ల అవ్వ ఆ పురుగుల్ని చూసి జాలిపడిందట. పట్టు పెంచేవాళ్ల ఇళ్లలో ఒక అలవాటుంది. వెనకబడ్డ పురుగుల్ని వదిలెయ్యరు, అన్నింటినీ ఏరి ఒక తట్టలో చేర్చి లేతాకు వేసి సాకుతారు. ముసలామె కాలేజీ పురుగుల్ని కూడా తమ చిన్న పురుగుల్లో కలిపేసింది. మూడు వారాలు తిరిగేసరికి గూడు కట్టాల్సిన పురుగులు మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలతో మేత మానేశాయి. ఇంటి నిండా అవే. ఆ అమ్మాయి ల్యాబుకు వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడింది. “సార్, మా ఇంట్లో రోగం వచ్చింది. మీరిచ్చిన పురుగుల్ని కూడా మా రోగమే తినేసింది సార్. తప్పయిపోయింది” అంది. సార్ నా వైపు చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖం పాలిపోయింది. ఆ అమ్మాయి వెళ్లాక నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మైక్రోస్కోపు అద్దం గుడ్డతో తుడుస్తూ, “సరే, జరిగిందేదో జరిగింది. ఇంత పెద్ద స్పెసిమెన్ మళ్లీ దొరకదు” అన్నాడు.

రెండో రోజు క్లాసంతా బస్సులో వాళ్ల ఊరికి పోయాం. పరాయివాళ్ల చూపు పడకూడదని వాళ్లు ఎవరినీ రానివ్వని పురుగింట్లోకి ఇరవైమందిమి చెప్పులు విడిచి తోసుకుంటూ దూరాం. సార్ అరుగు మీద మైక్రోస్కోపు పెట్టించి, పురుగును నూరి చూడమని ఆ అమ్మాయినే పిలిచాడు. చూసింది. “పెబ్రిన్ సార్” అంది. “వెరీ గుడ్!” అన్నాడు, మాచేత చప్పట్లు కొట్టించాడు. కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. వాళ్ల నాయన చేతులు కట్టుకుని, “ఇది యాడ్నుంచి వచ్చింది సామీ?” అని అడిగాడు. సార్ ఆయన్నే ఎదురడిగాడు, “మీరు గుడ్లు యాడ కొన్నారప్పా?” అని. గోడవారగా కూర్చున్న అవ్వ మాత్రం సార్‌ను పట్టించుకోలేదు. “యాడ్నుంచో యాల? బయట చేరిన మూడు రోజులూ ఈ పిల్ల పురుగింట్లో తిరిగింది. సదువుకున్నదానికి అంటు లేదంట!” అంది. అంతమంది మగపిల్లల ముందు. ఆ అమ్మాయి తల పైకెత్తలేదు. మేం బస్సెక్కేటప్పటికి తట్టలతో సహా కాల్చడానికి పెరట్లో కుప్ప వేస్తున్నారు.

మరుసటి రోజు సార్ బోర్డు మీద రోగం దారి మొత్తం బాణాలు గీసి వివరించాడు. మొదట నాలుగో నంబరు తట్ట అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. ఆ మాట బయటికి పోతే ప్రాక్టికల్ మార్కులు తన చేతుల్లో ఉన్నాయని కూడా చల్లగా చెప్పాడు. వినాల్సిన మనిషి క్లాసులో లేదు. మళ్లీ రాలేదు కూడా. ‘సదువు సాలు’ అన్నాడట నాయన. ఆ ఏడు నా రికార్డుకే మొదటి మార్కు వచ్చింది. పెబ్రిన్ బొమ్మ బ్రహ్మాండంగా వేశావన్నాడు సార్.

ఎనభైల మధ్యలో నేను కుప్పంలో లెక్చరరుగా ఉండగా ఒకరోజు స్టేషన్లో ఎవరో పిలిచారు. “ఏమప్పా, గుర్తుపట్టినావా?” ఆగిన రైలు కిటికీ పక్కన చంటిపిల్లతో ఆమె. బంగారుపేట దగ్గర ఇచ్చారట, అక్కడ పట్టుగూళ్లను ఉడికించి దారం తీసేచోట పనికి పోతుందట. చేతులు వేడినీళ్లకు తెల్లగా నానిపోయి ఉన్నాయి. క్షేమసమాచారాలయ్యాక, “మా అవ్వ సచ్చేదాకా నన్నే అనింది. నువ్విప్పుడు పాఠాలు సెప్పేవాడివి గదా, నువ్వైనా సెప్పప్పా. ఆ రోగం యాడ్నుంచి వచ్చింది?” అని అడిగింది. నా ముఖంలోకి చూస్తూనే అడిగింది.

“ఏమోమ్మా, గాలికి కూడా వస్తుంది” అన్నాను.

“గాలికి రాదని సదివినట్టుండే” అంది మెల్లగా. మళ్లీ తనే నవ్వింది. “నేనే మర్సిపోయింటాను లే. ఎన్నేండ్లయింది!”

రైలు ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఆగి ఉంది. నిజం చెప్పడానికి అంతసేపు కూడా అక్కర్లేదు. ఆ రెండు నిమిషాలూ గడిచి నలభై ఏళ్లు కావస్తోంది.