ఖాళీ కేబిన్‌కు సైగలు

ఇనుప దూలాల కార్ఖానాలో అతన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. గద్ద అంటారు. షెడ్డు కప్పు కింద క్రేన్ కేబిన్లో కూర్చుని సగం జీవితం గడిపేసిన మనిషి. పని ఎగ్గొట్టి గోడవార కునుకు తీసేవాడు ఎవడైనా ఆ కళ్ళకు దొరికిపోవలసిందే. క్రేన్ నడపడం అతనికి కొట్టినపిండి. బరువు ఊగబోతోందంటే ముందుగా కింది సీటే అదిరి చెప్పేది, తర్వాతే కన్ను చూసేది.

అలాంటి గద్దను కిందికి దించేశారు. కేబిన్‌కు తాళం వేశారు. ఇక మీదట పక్క గదిలో కుర్చీలో కూర్చుని, తెర చూస్తూ క్రేన్ నడపాలట. పరీక్షగా ఒక దూలం ఎత్తి దించాలి. కుదరకపోతే గేటు దగ్గర కాపలా పని. ఆ మాట ఎంతో మర్యాదగానే చెప్పారు లెండి. మర్యాదగా చెబితే గుండె గుభేలుమనకుండా ఉంటుందా? ఇంట్లో మాత్రం, అదెంత పని, ఆడుతూ పాడుతూ చేసేస్తానని కోతలు కోశాడు. భార్య నమ్మినట్టే తలూపి, మా తమ్ముడు జాగ్రత్త అని మాత్రం అంది.

ఆవిడ తమ్ముడే కింద గొలుసులు తగిలించి, చేత్తో సైగలు చేసేవాడు. పిడికిలి బిగిస్తే ఆపమని, అరచెయ్యి ఆడిస్తే దించమని. బావ కళ్ళు, బావమరిది చేతులు కలిసి ఇన్నేళ్ళూ ఒకే మనిషిలా పనిచేశాయి.

పరీక్ష రోజు గది చల్లగానే ఉన్నా గద్దకు ముచ్చెమటలు పోశాయి. నేర్పడానికి వచ్చిన ఇంజనీరమ్మ వెనక నిలబడింది. దూలం లేచింది. కుర్చీ ఏమీ చెప్పలేదు. మామూలు కుర్చీ, దానికేం తెలుసు? బరువు ఎటు ఊగుతోందో ఒంటికి తెలియలేదు. స్తంభం అడ్డొస్తే అలవాటుగా పక్కకు ఒరిగి చూశాడు. తెరలో స్తంభం అక్కడే ఉంది.

దించే చోటికి వచ్చాక సైగ కోసం వెతికాడు. బావమరిది వీపు కనిపించింది. కెమెరా వైపు తిరగాలని పొద్దున్నే చెప్పారు. తీరా బరువు దగ్గరికి వచ్చేసరికి అతను అంతా మరిచిపోయి, పైనున్న ఖాళీ కేబిన్‌కేసి చూస్తూ సైగ చేస్తున్నాడు. ఆపమంటున్నాడో దించమంటున్నాడో తెలియడం లేదు.

గద్దకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆపితే పరీక్ష పోతుందేమో. ఆపకపోతే, ఇంటికెళ్ళి భార్యకు ఏ ముఖం చూపించాలి? లీవరు వదిలేసి, క్రేన్‌ను ఆపే ఎర్ర బొత్తాం నొక్కాడు. షెడ్డులోకి వినిపించే మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరే, నేను పైన లేను. వెనక్కి తిరుగు, గోడ మీద కెమెరా ఉంది."

బావమరిది తిరిగాడు. అతని ముఖం తెర నిండా వచ్చింది. పైనుంచి గద్ద ఇన్నేళ్ళూ చూసింది హెల్మెట్టునీ చేతులనీ మాత్రమే. పనిలో ఆ ముఖం ఎలా ఉంటుందో ఇప్పుడే చూశాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. గడ్డం వణుకుతోంది.

"భయపడుతున్నావా?" అని అడిగాడు గద్ద. జవాబు గదిలోని స్పీకర్లో వినిపించింది.

"రోజూ పడేవాణ్ణే బావా. పైనుంచి నీకు కనబడేది కాదు."

తన కళ్ళకు దొరకనిది లేదని మురిసిపోయినందుకు గద్దకు సిగ్గేసింది. ఆపినందుకు ఇంజనీరమ్మ తప్పుపట్టలేదు, నెమ్మదిగా దించమంది.

"పక్కకు జరుగు. ఇంకాస్త. ఇంకా," అన్నాడు, పైన ఉన్నన్నాళ్ళూ ఎన్నడూ అనని మాట. బావమరిది జరిగి జరిగి తెర అంచుకు చేరేదాకా ఆగి, అప్పుడు లీవరు మీద చెయ్యి వేశాడు.