పారిస్ హోటల్లో మునెమ్మ కాఫీ

1979లో తిరుపతి ఫొటో స్టూడియోలన్నీ ఏడుకొండల పరదా వేలాడదీసుకుని నాలుగు డబ్బులు చేసుకుంటుంటే, మద్రాసు నుంచి సినిమా బ్యానర్ల పెయింటరును పిలిపించి పారిస్ పరదా వేయించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. పరదా మీద ఐఫిల్ టవరు, దాని కింద గొడుగుల హోటలు. ముందర నిజం బల్ల, కుర్చీ. మా నాయన పప్పుల అంగట్లో గల్లా పక్కన పెరిగినవాణ్ణి, ఏ సరుకు పోతుందో నాకు తెలియదా అనుకున్నాను. కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకుని దిగొచ్చే యాత్రికుడికి పారిస్ దేనికో మాత్రం ఆలోచించలేదు. ఏడాది పాటు ఆ కుర్చీలో కూర్చున్నది మా వీధి పిల్లి.

మరుసటి ఎండాకాలం కార్వేటినగరం నుంచి ఒక జంట వచ్చింది. చెంగల్రాయుడు అక్కడ చిన్న కాఫీ హోటలు నడుపుతాడు. మునెమ్మ ఆయన భార్య. ఇద్దరివీ కొత్త గుండ్లు. ఒక్క ఫొటోకే డబ్బులున్నాయని ఆయన ముందే చెప్పాడు. నేను నా పాత ఏడుకొండల పరదా దించబోతుంటే మునెమ్మ పారిస్ వైపు వేలు చూపింది.

"ఆడ కూసుంటా. పెండ్లయిన కాణ్ణించీ మన హోటల్లో అందరికీ పెట్టినా. ఒక్కనాడన్నా కుర్చీలో కూసోని తాగినానా? నువ్వు కాఫీ తెచ్చియ్యి. అట్ల తియ్యనీ."

"ఏమ్మే, మతుండాదా? మొక్కు తీర్సుకోని సామి ముందర తీసుకోవాల. ఊర్లో ఏమనుకుంటారు?"

"అనుకోనీ. సామి మనింట్లో పటంలో ఉండాడు. కుర్చీనే యాడా లేదు."

పారిస్‌కు తొలి బేరం. నా ఆశ ఆగలేదు. "ప్రింటు మీద బ్రష్షుతో జుట్టు దిద్దుతానమ్మా. టచింగ్ అంటారు. రెండు రూపాయలు ఎక్కువ."

"సామికిచ్చిన జుట్టు నువ్వు మళ్లా నెత్తిన పెడితే ఆయనకేం సెప్పుకునేదప్పా?"

చెంగల్రాయుడు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కాఫీకని బయటికి నడిచాడు. ఫొటోకు ఉత్త గ్లాసు చాలునన్నాను.

"ఉత్త గ్లాసు ఇచ్చేదా ఈమెకు?" అని, ఎదురంగట్లో డబ్బులిచ్చి నురగ చెదరకుండా కాఫీ తెచ్చి, బల్ల మీద పెట్టి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

నా స్టూడియో దీపాలకు ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ముకు వెలుగు తగిలే సమయం, ఒక సెకను. అంతసేపూ కదలకూడదు. లెన్సు మూత తీశానో లేదో, చెంగల్రాయుడి చెయ్యి భుజం మీది తువ్వాలుతో ఆమె ముందున్న బల్ల తుడిచేసింది. అలవాటు. తిట్టుకుంటూ ఇంకో ఫిల్ము పెట్టాను. ఈసారి కొయ్యలా నిలబడ్డాడు.

సాయంత్రం రెండు ప్రింట్లూ చూపించాను. మునెమ్మ చెయ్యి చెదిరినదాన్ని తీసుకుంది.

"సెయ్యి పోయిందే" అన్నాడాయన.

"పోలా. పని సేస్తా ఉండాది. ఆ రెండోదాంట్లో నిలబడుకోనుండేది ఎవురో సుట్టం."

తరువాత నావైపు తిరిగింది. "సెయ్యి సగమే పడినాది. రేటూ సగమే కదప్పా?"

ఏది మంచి ఫొటోనో అందులో ఉన్న మనిషిని అడిగి తెలుసుకోవాలని ఆ రోజే నేర్చుకున్నాను. ఆ చదువుకైన బిల్లు ఇది. ఫొటో ధర పన్నెండు రూపాయలు, నా చేతికొచ్చింది ఆరు. రెండు ఫిల్ములు, రెండు కాగితాలు, ఫొటో కడిగే మందులు కలిపి నాకు పడింది ఎనిమిది. నికరం రెండు రూపాయల నష్టం. జాలిపడి వదిలేశానని ఇంట్లో చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నేను వదల్లేదు. మునెమ్మ బేరమాడి గెలుచుకుపోయింది.