జహీరాబాద్ వాసనల తోటలో చిన్నమ్మ పీకిన గడ్డి

మా చిన్నమ్మ ఈశ్వరమ్మకు నీటికాసుల జబ్బుతో చూపు పోయి ఏడాది దాటింది. ఝరాసంగంలో తన చేలో కలుపు తీసేటప్పుడు ఆమె ముందు పోతుంటే మిగతావాళ్లు వెనక ఆయాసపడేవారు. అలాంటి మనిషి ఇప్పుడు దవాఖానకు తప్ప గడప దాటడం లేదు. ఆమె కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పొద్దంత మంచం మీదనే ఉంటున్నది. నువ్వన్న జర చెప్పరాదూ?" అన్నాడు. చెప్పడం నాకు బాగా వచ్చు, వినిపించుకునేలా చెప్పడమే రాదు. జహీరాబాద్‌లో ముట్టుకుని, వాసన చూస్తూ తిరిగే తోట ఒకటి పెట్టారని తెలియగానే చెప్పడం మానేసి బస్సెక్కాను.

హైదరాబాద్‌లో ఉదయం ఆరింటికి బయల్దేరితే తొమ్మిదికల్లా జహీరాబాద్ చేరవచ్చు. అక్కడి నుంచి ఝరాసంగానికి షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి నలభై తీసుకున్నారు. చిన్నమ్మ అనుకున్నట్టే మొండికేసింది.

"నేనేడికి రాను బిడ్డా. నల్గురు జూసి అయ్యో పాపం అంటరు. నాకద్దు."

"రానుపోను ఆటో మాట్లాడిన చిన్నమ్మా. ఆరు వందలు. నువ్వు రాకుంటే దండుగ."

దండుగ అనే మాట వింటే ఆమె ఊరుకోదు. గొణుక్కుంటూనే చీర మార్చుకుంది. దారిలో ఆటో డ్రైవర్‌ను ఆ తోట గురించి అడిగాను. "గా ఆకులు నలిపి వాసన జూసే పార్కా? మా ఇంటామెను తోల్కపోయిన. జర సేపు కూసుంటే పానం హాయిగుంటది" అన్నాడు. చిన్నమ్మ మాత్రం, "ఆకుల వాసనకు ఆరు వందలా!" అంది.

పదకొండుకు చేరాం. టికెట్ లేదు. తోట చిన్నదే. దారి పొడవునా పట్టుకుని నడవడానికి తాడు కట్టారు. కాళ్ల కింద కాసేపు ఇసుక, కాసేపు గులకరాళ్లు తగులుతాయి. మరువం, దవనం, పుదీన, వామాకు వేర్వేరు మడుల్లో ఉన్నాయి. బడిపిల్లలు కళ్లు మూసుకుని ఒకరికొకరు ఆకుల వాసన చూపిస్తూ పందెం కాస్తున్నారు. ఒకావిడ మాత్రం దర్జాగా కూరకని పుదీన కోస్తోంది. తోట చూసుకునే నర్సింలు తల పట్టుకున్నాడు. "ముట్టుకోన్రి అని బోర్డు వెడితే మనోళ్లు తెంపుకపోతున్నరమ్మా!"

నేను ఒక్కో ఆకూ నలిపి చిన్నమ్మ ముక్కు దగ్గర పెట్టాను. "మరువం నాకెరుక లేదా?" అని చేయి వెనక్కి లాక్కుంది. నాకు ఒళ్లు మండింది. బంతిమొక్కలున్న మడి పక్క గట్టు మీద ఆమెను కూర్చోబెట్టి, గేటు బయటికి చాయ్ తాగడానికి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి నర్సింలు గగ్గోలు పెడుతున్నాడు. బంతిమొక్కల మధ్య కొత్తగా నాటిన నిమ్మగడ్డి పిలకలన్నింటినీ చిన్నమ్మ వేళ్లతో సహా పీకి, మన్ను దులిపి, పక్కన కుప్పేసింది!

"గిదేం పని అమ్మా?"

"చెట్ల నడుమ గడ్డి ఉంటే పీకరా మరి?"

అతను ఒక పిలకను నలిపి ఆమె ముక్కుకు దగ్గరగా పెట్టాడు. "గడ్డి గాదు, చాయ్‌ల ఏసుకునేది."

ఆమె ఆ పిలకను చేతిలోకి తీసుకుని మళ్లీ వాసన చూసింది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. అంతలో పకపకా నవ్వింది. "అయ్యో తమ్మీ, ఇన్ని వాసనల నడుమ గిది తెల్వనే లేదు! జరిమానా ఏస్తవా?"

"జరిమానా ఎందుకు, మల్ల నాటి పో."

ఎవరి సాయమూ ఒప్పుకోలేదు. వేలితో లోతు చూసుకుంటూ ఒక్కొక్కటీ నాటింది. చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరు కూడా అయ్యో పాపం అనలేదు. "ఇంకో రెండు గీడ మర్చిపోయినవ్ పెద్దమ్మా" అని పుదీన ఆవిడ గుర్తు చేసింది. మా చిన్నమ్మ చీరకంటిన మట్టిని చూస్తుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిరుగు ప్రయాణంలో ఆటో డ్రైవర్‌ను ఆమే అడిగింది, "బుధవారం వస్తవా? అవి బతికినయో లేదో నేనే ముట్టి జూడాలె."

తోటలో ఏం చూశారని అడిగితే నేను చెప్పగలిగేది కొంచెమే. చూపు పోయిన మనిషికి ఓదార్పు కావాలనుకుని బయల్దేరాను. ఆమెకు కావలసింది పని, అందులో పొరపాటు చేస్తే కోప్పడే మనిషి. బుధవారం ఉదయం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పొద్దుగాల్నే చెప్పులేసుకొని గడప అవతల కూసున్నది. ఆటో ఇంకా రాలేదని నా మీద లొల్లి వెడుతున్నది!"

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మీతో వచ్చినవాళ్ల చేయి పట్టుకుని అన్నీ ముట్టించకండి. ఒక మడి పక్కన కూర్చోబెట్టి, మీరు చాయ్ తాగి రండి.