నీళ్లలోకి సాగనంపిన పటం

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చెరువుల బొమ్మలు గీసుకుందామని బందరు నుంచి వరంగల్ దగ్గరి హసన్‌పర్తి వెళ్లాను. పొద్దున్నే మంచులో, ఒడ్డున ఒక ముసలాయన ఏడుస్తూ, పసుపు కుంకుమలు చల్లిన పొడుగాటి గుడ్డచుట్టను నీళ్లలోకి దించుతున్నాడు. శవమేమోనని ఆగిపోయాను. చుట్ట విడివడింది. రంగులు పూసిన ముఖాలెన్నో నన్నే చూస్తూ తేలాయి.

“కతలు చెప్పే పటం సారూ. మా తాతలనాటిది, చినిగిపోయింది. మనిషి లెక్కనే సాగనంపుతానం,” అన్నాడు.

“నాకివ్వండి, దాచుకుంటాను.”

“పీనుగును ఇంట్ల పెట్టుకుంటరా?”

రంగులు కరిగిపోయాయి. కళ్లు మాత్రం చివరిదాకా మునగలేదు.

నేనప్పుడే గీసిన చెరువు బొమ్మను ఆయన జాలిగా చూశాడు. “దీన్ని సాగనంపే ఫికర్ లేదు సారూ. కండ్లు గీస్తెనే పానం పోసినట్టు, దీనికి పొయ్యలే గద.”

ఉడుక్కున్నాను. ఇప్పటికీ ఏ ముఖానికైనా కళ్లు గీసేముందు, దగ్గర్లో చెరువు ఉందా అని చూసుకుంటాను.