కూసిన పెట్ట

కల్వకుర్తిలో కోళ్లు కోసే పరమేష్‌ను ఊరు ఇంకా పుట్టినప్పుడు ఆడపిల్ల అనుకుని పెట్టిన పేరుతోనే, "అండాలక్కా" అని పిలుస్తుంది. పరమేష్ అనమని చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడతను చొక్కా చేతులు మడుచుకుంటూ ఊరికే తలూపుతాడు. ఆ ఆదివారం దుకాణం టీవీలో పిల్లల బొమ్మల సినిమా వస్తోంది. అందులో ఓ కోడిపెట్ట మెడ నిక్కించి కూస్తుంటే గిరాకీలంతా పగలబడి నవ్వారు. "అది పెట్ట గాదు, పుంజే. ఎవ్వలకు సమజైతలేదు," అన్నాడు పరమేష్, ఎవరికీ వినపడకుండా. అంతలో ఓ అవ్వ సంచిలోంచి పెట్టను తీసింది.

"పొద్దుగాల కూసింది అండాలూ. ఇంటికి మంచిది గాదు, కోసియ్యి."

అలాంటివి ఎన్నో కోసిన చెయ్యి ఇవాళ లేవలేదు. అవ్వ చూడకుండా వేరే కోడిని కోసిచ్చి, ఆ పెట్టను తను పడుకునే వెనక గదిలో గంప కింద మూశాడు. తెల్లారకముందే గంపలోంచి కూత వినబడింది. పరమేష్ కళ్లు తెరవకుండానే గొణిగాడు.

"లేస్తున్న తమ్మీ, జర ఆగు."